మేరీ చర్చ్ టెరెల్: ఒక గిన్నె సూపు, 47 ఏళ్లు

పోటోమాక్ ఒడ్డు

మిత్రులకు నమస్కారం. నేను వాషింగ్టన్ దగ్గర ఉంటాను. మొన్న ఆదివారం లెడ్రాయిట్ పార్క్ అనే పాత పేటలో నడుస్తూ టీ వీధిలో 326 నంబరు ఇంటి ముందు ఆగిపోయాను. ఒకప్పుడు అది నడిమి గోడకు అటూ ఇటూ కట్టిన జంట ఇల్లు. ఇప్పుడు ఒక సగమే మిగిలింది. ఆ సగాన్ని 1975లో జాతీయ చారిత్రక కట్టడంగా ప్రకటించారు. మేరీ చర్చ్ టెరెల్ ఉన్న ఇల్లు అది. ఆవిడ టీచరు. 1896లో నల్లజాతి మహిళా సంఘాలన్నీ కలిసి జాతీయ సమాఖ్యగా ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు.

1906 అక్టోబరులో ఈ నగరంలోనే ఒక మహిళా క్లబ్బులో ఆవిడ ప్రసంగించింది. కాపిటల్ భవనం నుంచి వైట్‌హౌస్ దాకా నడిచినా, కడుపులో ఆకలి దహిస్తున్నా, చేతినిండా డబ్బున్నా, తెల్లవారు తినే ఏ హోటల్లోనూ తనకు ఒక్క ముద్ద దొరకదని చెప్పింది. తెర వెనక కూర్చోవడానికి ఒప్పుకుంటే తప్ప.

1950 జనవరి 27న అదే నగరంలో, 14వ వీధిలోని థాంప్సన్ రెస్టారెంటులో ఒక ముసలావిడ ట్రే పట్టుకుని వరుసలో నిలబడింది. సూపు తీసుకుంది. నల్లవారికి వడ్డించేది లేదని మేనేజరు చెప్పాడు. ఆమె కూడా టెరెలే. అప్పటికి 86 ఏళ్లు.

ఈ రెండు తేదీల నడుమ గడిచిన జీవితం గురించి తెలిసినవారు రాస్తారని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చదువరి

మంచి పని చేశారు. చిన్నతనం నుంచి మొదలుపెడతాను.

1863 సెప్టెంబరు 23న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వంలో పుట్టినవారే. తండ్రి రాబర్ట్ చర్చ్ ఒక తెల్ల స్టీమరు యజమానికి, బానిస స్త్రీకి పుట్టిన కొడుకు. 1866లో మెంఫిస్‌లో నల్లవారి మీద దాడులు జరిగినప్పుడు ఆయన్ను తుపాకితో కాల్చి, చచ్చిపోయాడనుకుని వదిలేశారు. బతికాడు. 1878లో పచ్చజ్వరం వచ్చి జనం ఊరొదిలి పోతుంటే ఆయన చవగ్గా స్థలాలు కొన్నాడు. తరవాత దక్షిణాదిలోని సంపన్నుల్లో ఒకడయ్యాడు. తల్లి లూయీసా ఆడవారి సవరాల దుకాణం నడిపింది.

నా మనసులోంచి పోని సంఘటన ఒకటుంది. మేరీకి అయిదేళ్లప్పుడు తండ్రితో రైలెక్కింది. ఆయన ఆమెను మంచి పెట్టెలో కూర్చోబెట్టి చుట్ట కాల్చుకోవడానికి వేరే పెట్టెలోకి వెళ్లాడు. కండక్టరు వచ్చి, ఈ నల్లపిల్ల ఎవరిదని అడిగి, లాగి వేరే పెట్టెలో పడేయబోయాడు. తండ్రి పరుగున వచ్చి అడ్డుపడ్డాడు. ఇంటికొచ్చాక తల్లికి ఆ పిల్ల చెప్పుకున్న సంజాయిషీ చూడండి: చేతులు శుభ్రంగానే ఉన్నాయమ్మా, మొహం శుభ్రంగానే ఉంది, జుట్టు చెరగలేదు, జడలకు కట్టిన రెండు నీలం రిబ్బన్లూ ఊడిపోలేదు, గౌను మాపుకోలేదు, నిటారుగానే కూర్చున్నాను.

తప్పు తనలోనే ఉందేమోనని వెతుక్కుంది ఆ పసిది. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆత్మకథ 1940లో వచ్చింది. అంటే 70 ఏళ్లు దాటాక కూడా ఆవిడకు ఆ రిబ్బన్ల రంగు గుర్తుంది.

పంతులమ్మ

చదువరి గారూ, ఆ రిబ్బన్ల మాట చదివి కాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. 31 ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పాను. పిల్లలు అలాగే మాట్లాడతారు.

టెరెల్ టీచరు జీవితం గురించి నేను రాస్తాను. అది ఎవరూ సరిగా చెప్పరు.

ఆమె ఓబర్లిన్ కళాశాలలో 1884లో డిగ్రీ పూర్తిచేసింది. ఆడపిల్లలకు అక్కడ రెండేళ్ల కోర్సు ఉండేది. ఆమె నాలుగేళ్ల కోర్సు పట్టింది. 'మగవాళ్ల కోర్సు' అనేవారు దాన్ని. గ్రీకు, లాటిన్ చదవాలి. గ్రీకు కష్టం, పైగా గ్రీకు చదివిన నల్ల మొగుడు ఎక్కడ దొరుకుతాడని స్నేహితురాళ్లు భయపెట్టారు. ఒకసారి ఇంగ్లండు కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ తరగతికి వచ్చాడు. ఆమె గ్రీకు చదవడం విన్నాడు. ఆఫ్రికా సంతతి అమ్మాయి అని తెలిశాక నమ్మలేకపోయాడట. ఆ జాతివారి నాలుక గ్రీకు పలకలేదని ఆయన అంతవరకూ అనుకున్నాడు.

చదువు అయ్యాక ఉద్యోగం చేస్తానంటే తండ్రికి కోపం వచ్చింది. నా కూతురు జీతానికి పనిచేయడమేమిటి, ఆ డబ్బు అవసరమైన మరో అమ్మాయి నోటి దగ్గర కూడు లాక్కోవడమే కదా అన్నాడు. ఆమె వినలేదు. 1885లో ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో చేరింది. ఫ్రెంచి నుంచి ఖనిజశాస్త్రం దాకా చెప్పింది, అధ్యాపకుల సమావేశాలకు కార్యదర్శిగా పనిచేసింది, చర్చిలో ఆర్గన్ వాయించింది. తండ్రి ఏడాది పాటు ఉత్తరం ముక్క రాయలేదు.

1887లో వాషింగ్టన్‌లోని ఎమ్ వీధి ఉన్నత పాఠశాలకు వచ్చింది. లాటిన్ విభాగం. విభాగాధిపతి రాబర్ట్ టెరెల్, హార్వర్డ్‌లో చదివినవాడు. గ్రీకు తెలిసిన మొగుడు దొరకడన్నారే, పక్క గదిలోనే దొరికాడు. మధ్యలో రెండేళ్లు యూరప్ వెళ్లి ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ నేర్చుకుని వచ్చింది. 1891లో పెళ్లి. పెళ్లయిన ఆడది బళ్లో పాఠం చెప్పకూడదని అప్పటి నిబంధన. ఉద్యోగం పోయింది.

ఇది చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. అయిదు భాషలు వచ్చిన మనిషిని వేలికి ఉంగరం పడిందని ఇంటికి పంపేశారు. భర్తకు మాత్రం పెళ్లి అడ్డు రాలేదు. ఆయన తరవాత న్యాయమూర్తి కూడా అయ్యాడు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1895లో, అదే నగరం ఆమెను విద్యామండలి సభ్యురాలిగా నియమించింది. అమెరికాలోని పెద్ద నగరాల్లో అలాంటి పదవి పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. బడిలోంచి పంపించేసిన ఆవిడ బళ్లను పర్యవేక్షించే స్థానంలోకి వచ్చింది. 1897లో నల్లపిల్లల బళ్లలో ఫ్రెడరిక్ డగ్లస్ దినం జరపాలని ప్రతిపాదించి నెగ్గించుకుంది. డగ్లస్ అంటే బానిసత్వం నుంచి తప్పించుకుని, నల్లవారి హక్కుల కోసం పోరాడిన నాయకుడు. ఫిబ్రవరి 14. ఇప్పుడు అక్కడ ఫిబ్రవరి అంతా నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుతున్నారంటే దానికి ముందు పడిన అడుగుల్లో ఇదొకటి.

కొత్తసభ్యుడు

అసలు ఇన్ని మహిళా సంఘాలు ఎందుకు పుట్టాయండీ? అవి ఏం చేసేవి?

చిన్నక్క

ఏం చేసేవో నేను చెప్తాను. నేను అంగన్‌వాడీలో పనిచేశాను కాబట్టి ఆ భాగం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టి చదివాను.

ఆ రోజుల్లో నల్లజాతి తల్లులు ఎక్కువమంది తెల్లవారి ఇళ్లలో వంటలు, బట్టలుతకడం చేసేవారు. వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని తిప్పేవారు. మరి తమ పిల్లలు? ఆరేడేళ్ల అక్కో అన్నో చూసుకోవాలి. లేదా ఇరుగమ్మ చూస్తానని మాటిచ్చి మరిచిపోతుంది. కొందరు పసిబిడ్డను గదిలో పెట్టి తాళం వేసి వెళ్లిపోయేవారు. అలా తాళం వేసిన గదిలో, తల్లి బట్టలుతకడానికి వెళ్లిన రోజున, ఒక పసికందు ఏడ్చి ఏడ్చి ప్రాణం విడిచిందని దక్షిణాది పత్రికలో చదివినట్టు టెరెల్ తన ప్రసంగంలో చెప్పింది.

అందుకే సమాఖ్యకు ఆమె మొట్టమొదట అప్పగించిన పని శిశు సంరక్షణ కేంద్రాలు, బాలబడులు, తల్లుల సమావేశాలు. తన ప్రసంగాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి అమ్మి ఆ డబ్బు బాలబడుల నిధికి జమచేసింది.

ఇంకో సంగతి. పెళ్లయిన అయిదేళ్లలో ఆమెకు పుట్టిన ముగ్గురు బిడ్డలూ పురిట్లోనే, లేదా రోజుల్లోనే పోయారు. 1898లో ఫిలిస్ పుట్టి బతికింది. నల్లజాతి కవయిత్రి ఫిలిస్ వీట్లీ పేరు పెట్టుకున్నారు. ఊరూరా తిరిగి పరాయి తల్లుల పిల్లల కోసం చందాలు అడుగుతున్న మనిషి కడుపులో ఎంత కోత ఉండి ఉంటుందో ఆలోచించండి.

చదువరి

చిన్నక్క గారూ, మీ మాట కాదనను. కానీ పుత్రశోకం వల్లే ఆమె ఆ పనిలోకి దిగిందంటే ఆమె ఆలోచనాశక్తిని తక్కువ చేసినట్టవుతుందని నా భయం. ఆమెను కదిలించిన మరో చావు ఉంది.

1892 మార్చి 9. మెంఫిస్‌లో థామస్ మాస్ అనే తపాలా ఉద్యోగి, ఇద్దరు మిత్రులు కలిసి కిరాణా కొట్టు నడిపేవారు. 'ప్రజల కిరాణా' దాని పేరు. ఎదురుగా ఉన్న తెల్లవాడి కొట్టుకు బేరాలు తగ్గాయి. గొడవ పెట్టారు, జైల్లో వేశారు, రాత్రి జైలు తలుపులు తీసి ముగ్గుర్నీ ఊరి బయటికి ఈడ్చుకెళ్లి కాల్చి చంపారు. మాస్ టెరెల్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఆమె పెళ్లికి కానుక కూడా పంపాడు. ఆమె వయోవృద్ధుడైన డగ్లస్‌ను వెంటబెట్టుకుని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ దగ్గరికి వెళ్లి, మూకహత్యల గురించి నోరు విప్పమని అడిగింది. ఆయన సానుభూతిగా విన్నాడు. బహిరంగంగా ఒక్క మాటా అనలేదు.

కొత్తసభ్యుడు గారూ, మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అదే ఏడాది వాషింగ్టన్ మహిళలు లీగ్ పెట్టుకున్నారు. 1895లో మిస్సోరీ పత్రికల సంఘం అధ్యక్షుడొకడు నల్లజాతి ఆడవారందరినీ దొంగలు, శీలం లేనివాళ్లు అంటూ ఉత్తరం రాశాడు. బోస్టన్‌లో జోసెఫిన్ సెయింట్ పియర్ రఫిన్ ఆ ఉత్తరం ప్రతులు క్లబ్బులన్నిటికీ పంపి జాతీయ సమావేశం పిలిచారు. మరుసటి ఏడాది జూలైలో వాషింగ్టన్‌లోని 19వ వీధి బాప్టిస్టు చర్చిలో వాషింగ్టన్ లీగ్, బోస్టన్ సమావేశంలో పుట్టిన సమాఖ్య ఒకటయ్యాయి. బానిసలను రహస్యంగా తప్పించి విడిపించిన హారియెట్ టబ్‌మన్ ఆ వృద్ధాప్యంలో ఆ సభకు వచ్చింది. అధ్యక్షురాలిగా టెరెల్‌ను ఎన్నుకున్నారు.

కంచుకాగడా

అందరూ పొగుడుతున్నారు. నేను ఒప్పుకోలేని విషయాలు కొన్ని ఉన్నాయి, చెప్పనివ్వండి.

ఆ సమాఖ్య నినాదాన్ని 'పైకి ఎక్కుతూ తోటివారిని పైకి లేపుదాం' అని చెప్పుకోవచ్చు. అందులోనే ఒక మెట్టు పైనున్న ఆవిడ, ఒక మెట్టు కిందున్న ఆవిడ ఉన్నారు. టెరెల్ ప్రసంగాల్లో ఈ ధోరణి దాచకుండా కనిపిస్తుంది. చదువులేని, దారి తప్పిన ఆడవారి దగ్గరికి మనం వెళ్లాలి, ఎందుకంటే లోకం వాళ్లను చూసే మనల్ని కొలుస్తుంది అని ఆమె చెప్పేది. అంటే పేదరాలి మీద ప్రేమా, లేక తమ పరువు గురించిన బెంగా? ధనికుడి కూతురు, జడ్జి భార్య, యూరప్ చదువు.

ఐడా బి. వెల్స్ సంగతేమిటి? మూకహత్యల మీద ప్రాణాలకు తెగించి రాసిన మనిషి. ఆమె ప్రెస్సును ధ్వంసం చేశారు, మెంఫిస్‌కు తిరిగి రాకుండా బెదిరించారు. 1899లో సమాఖ్య మహాసభ షికాగోలో, అంటే వెల్స్ ఊళ్లోనే జరిగితే, ఏర్పాట్లలో ఆమెను పక్కనపెట్టారు. షికాగో మహిళలే వెల్స్ ఉంటే మేం రామన్నారని టెరెల్ చెప్పుకుంది. అధ్యక్ష పదవి కోసమే తనను దూరం పెట్టారని వెల్స్ నమ్మింది. ఇద్దరికీ థామస్ మాస్ స్నేహితుడే. ఆ చావే ఇద్దర్నీ రోడ్డు మీదికి తెచ్చింది. అయినా ఒకరి పక్కన ఒకరు నిలబడలేకపోయారు. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది.

పంతులమ్మ

కంచుకాగడా గారూ, వెల్స్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. జరిగింది అన్యాయమే.

నినాదం గురించి మాత్రం ఒక మాట. దాన్ని మీరు 'లేపడం' అని తెలుగు చేశారు కాబట్టి పై మెట్టు, కింది మెట్టు కనిపిస్తున్నాయి. నేనైతే 'ఎక్కుతూ, ఎక్కిస్తూ' అంటాను. తాటిచెట్టంత ఎత్తున నిలబడి కిందికి చూసే మాట కాదది. తానూ ఇంకా ఎక్కుతూనే ఉంది, ఎక్కడం పూర్తి కాలేదు. ఎంత చదివినా, ఎంత డబ్బున్నా ఆ ఊళ్లో అన్నం పెట్టనివాళ్లకు ఆమె, ఆమె ఇంట్లో పనిమనిషి ఒక్కటే కదా.

కంచుకాగడా

'ఎక్కుతూ, ఎక్కిస్తూ' బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆమె ఆ పనిమనిషి పక్కన నిలబడిన సందర్భం చూపించండి. ప్రసంగం కాదు, నిలబడడం.

పోటోమాక్ ఒడ్డు

చూపిస్తాను. 1948లో జార్జియాలో రోజా లీ ఇంగ్రామ్ అనే కౌలు రైతుకు, ఆమె ఇద్దరు మైనరు కొడుకులకు మరణశిక్ష వేశారు. భర్త పోయిన మనిషి, 12 మంది పిల్లల తల్లి. తన మీద దౌర్జన్యం చేసిన తెల్లవాడితో జరిగిన పెనుగులాటలో అతను చనిపోయాడు. దేశమంతా గొడవ చేస్తే శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆమె విడుదల కోసం ఏర్పడిన జాతీయ మహిళా కమిటీకి టెరెల్ అధ్యక్షురాలు. 1949లో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. తరవాత ముదిమి వయసులో జార్జియా వెళ్లి విడుదల చేయమని అడిగింది. కమ్యూనిస్టులతో తిరుగుతోందని తన వర్గంవాళ్లే మొహం చిట్లించిన రోజులవి. ఆమె లెక్కచేయలేదు.

అంతకుముందు కూడా ఉన్నాయి. 1906లో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పుల గొడవలో 167 మంది నల్ల సైనికుల్ని విచారణ లేకుండా పంపేస్తే యుద్ధ మంత్రి టాఫ్ట్ ఆఫీసులో గంటలకొద్దీ కూర్చుని ఆయన్ను కలిసింది. అప్పటి నల్లజాతి నాయకుల్లో పలుకుబడి ఉన్న బుకర్ టి. వాషింగ్టన్ అండతో భర్తకు జడ్జి పదవి వచ్చింది. బుకర్‌కు కోపం వస్తుందని తెలిసీ 1909లో నల్లజాతివారి హక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ పుట్టుకకు పిలుపునిచ్చిన పత్రం మీద సంతకం చేసింది. 1917లో కూతురు ఫిలిస్‌తో కలిసి వైట్‌హౌస్ గేటు దగ్గర ఓటు హక్కు కోసం ప్లకార్డు పట్టుకుంది.

కొత్తసభ్యుడు

బెర్లిన్‌లో జర్మన్ భాషలో మాట్లాడిందని ఎక్కడో చదివాను, నిజమేనా?

చదువరి

నిజం. 1904 అంతర్జాతీయ మహిళా మహాసభ. ఇంగ్లీషు మాట్లాడే దేశాల ప్రతినిధులకు ఇంగ్లీషు తప్ప ఏమీ రాదని జర్మన్ మహిళలు నొచ్చుకోవడం చూసి, తన ప్రసంగాన్ని అప్పటికప్పుడు జర్మన్‌లోకి మార్చుకుంది. ఫ్రెంచిలోనూ మాట్లాడింది. ఆ సభలో నల్లజాతి ప్రతినిధి ఆమె ఒక్కతే. లేత ఛాయ కావడంతో ఎదురుగా ఉన్నా గుర్తుపట్టక, ఆ నల్లావిడ ఎప్పుడొస్తారని ఆమెనే అడిగారట.

న్యాయపథం

వృత్తిరీత్యా న్యాయవాదిని. సూపు కేసు గురించి ఎవరైనా రాస్తారని ఎదురుచూశాను. ఇక నేనే రాస్తాను.

1872, 1873 సంవత్సరాల్లో, వాషింగ్టన్ జిల్లాకు సొంత శాసనసభ ఉన్న కొద్దికాలంలో, రెండు చట్టాలు చేశారు. మర్యాదగా ప్రవర్తించే ఎవరికైనా హోటళ్లు జాతి చూడకుండా వడ్డించాలి. కాదంటే 100 డాలర్ల జరిమానా, ఏడాది పాటు లైసెన్సు రద్దు. తరవాత ఆ శాసనసభ పోయింది. చట్టాలను ఎవరూ రద్దు చేయలేదు. కొత్త శతాబ్దంలో అచ్చయిన చట్ట సంపుటంలో మాత్రం అవి కనిపించలేదు. 'పోయిన చట్టాలు' అనేవారు వాటిని. అంటే 1906లో టెరెల్ ఆకలి గురించి ప్రసంగించినప్పుడు కూడా ఆమెకు అన్నం పెట్టమనే చట్టం అమల్లోనే ఉంది! దాని మీద దుమ్ము పడింది, అంతే.

1940ల చివర్లో అవి మళ్లీ వెలుగులోకి వచ్చాయి. పరీక్షించాలంటే ఎవరికో ఒకరికి అన్నం లేదనాలి. అందుకే పాస్టర్ జెర్నగిన్, జెనీవా బ్రౌన్, డేవిడ్ స్కల్ అనే తెల్లజాతి మిత్రుడితో కలిసి టెరెల్ ఆ ట్రే పట్టుకుంది. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లారు, మళ్లీ లేదన్నారు.

1950 జూలైలో మున్సిపల్ కోర్టులో ఓడిపోయారు. 1951లో మున్సిపల్ అప్పీలు కోర్టులో గెలిచారు. 1953 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టులో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. 1953 జూన్ 8న సుప్రీంకోర్టు 8-0 తో ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. జస్టిస్ విలియం డగ్లస్ రాసిన దాని సారం ఇది: ప్రభుత్వం అమలు చేయడం మానేసినంత మాత్రాన చట్టం చావదు. మా వృత్తిలో ఉన్నవాళ్లు గోడకు రాసి పెట్టుకోవలసిన మాట.

కోర్టుల్లో నడుస్తుండగా ఆమె ఇంట్లో కూర్చోలేదు. ఆ చట్టాల అమలు కోసం పెట్టుకున్న కమిటీ కార్యదర్శి ఆనీ స్టైన్‌తో కలిసి దుకాణాల ముందు పికెటింగ్ నడిపింది. క్రెస్గీ దుకాణం ముందు చలిలో ఆరు వారాలు. 1951 జనవరిలో వాళ్లు దిగొచ్చారు. హెక్ట్ దుకాణంలో నల్లవారు బట్టలు కొనుక్కోవచ్చు, కూర్చుని కాఫీ తాగకూడదు. అక్కడ 1952 జనవరి దాకా పట్టింది. ఆమెకు 88 ఏళ్లు, చేతికర్ర ఊతంతో వరుసలో నడిచేది.

తీర్పు వచ్చిన కొద్ది రోజులకు థాంప్సన్‌కు వెళ్లి భోజనం చేసి వచ్చారు.

చిన్నక్క

ఆ చివరి వాక్యం నాలుగుసార్లు చదివాను.

పంతులమ్మ

నేనూ. 1906లో తెర వెనక కూర్చోమన్నారు. 1953లో అందరి మధ్యా కూర్చుని తింది. ఏం తిన్నదో కూడా తెలుసుకోవాలనిపిస్తోంది.

కంచుకాగడా

ఇంగ్రామ్ గురించి నాకు తెలియదు. పోటోమాక్ గారూ, కృతజ్ఞతలు. నేను అడిగింది చూపించారు. ఒకప్పుడు 'దారి తప్పినవాళ్లు' అన్న మనిషి, దాదాపు 50 ఏళ్ల తరవాత జైల్లో ఉన్న కౌలు రైతు కోసం రోడ్డెక్కింది. మనుషులు వయసు పెరిగేకొద్దీ బిగుసుకుపోవడమే నేను ఎక్కువగా చూశాను. ఈవిడ వయసుతోపాటు సాహసం పెంచుకుంది. వెల్స్ విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది, అది పోదు. వెల్స్ 1931లో చనిపోయింది కాబట్టి ఈ మారిన టెరెల్‌ను ఆమె చూడలేదు.

టెరెల్ ఎప్పుడు పోయారు?

పోటోమాక్ ఒడ్డు

1954 జూలై 24న, మేరీలాండ్‌లోని అనాపొలిస్‌లో. బళ్లలో జాతి విభజన చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు మే 17న వచ్చింది. రెండు నెలల వారం పాటు ఆ వార్తతో బతికింది ఆ టీచరమ్మ.

ఓబర్లిన్ కళాశాల ప్రధాన గ్రంథాలయానికి 2018లో ఆమె పేరు పెట్టారు.

చిన్నక్క

ఇంగ్రామ్ తల్లీ కొడుకులు చివరికి బయటికి వచ్చారా?

పోటోమాక్ ఒడ్డు

వచ్చారు. 1959లో ముగ్గురూ. టెరెల్ పోయిన అయిదేళ్లకు.